తూర్పు గుంట రిపోర్టు

చిట్టమూరు,
మార్చి 16.

పూజ్యులైన ఆనందకుమారి వదిన గారికి,

ప్రభువు నామమున వందనములు.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయవలసి వచ్చిన కారణం ముందుగా చెప్పేస్తాను. నా రొయ్యల ల్యాబు మైక్రోస్కోపులో మూడు వారాలుగా ప్రతి స్లైడులోనూ ఒకే రకం గింజలు కనిపిస్తున్నాయి. వాటిని నమ్మి మా రైతు చిన్నపోలయ్య అన్న ఇప్పటికే ఒక రొయ్యల గుంట ఖాళీ చేసినాడు. రెండోదాన్ని అమావాస్య దాటగానే ఖాళీ చేయబోతున్నాడు.

ఫోను ఎందుకు చేయలేదని మీరు అడగరు. క్రిందటి క్రిస్మస్‌కు శాసనం చేసింది మీరే గదా: "ఫోనులో నువ్వు ప్రతిదానికీ సరే వదినా అంటావు, ఒక్కటీ చేయవు. పని సంగతైతే కాగితం మీద రాయి. నేనూ కాగితం మీదే చెప్తాను, పక్కన పెట్టుకొని చేద్దువు" అని. శాసనాన్ని శిరసావహించాను.

ఈహెచ్‌పీ అని మా రొయ్యల వాళ్లు భయపడే తెగులు ఒకటి ఉంది. అది రొయ్యను చంపదు, ఎదగనివ్వదు. మేత తింటూనే ఉంటుంది, వేలెడంత కాకుండానే ఆగిపోతుంది. రొయ్య తలలోని కాలేయాన్ని స్లైడు మీద రుద్ది, రంగు వేసి, పైన ఒక చుక్క నూనె పెట్టి, వందరెట్ల ఆబ్జెక్టివ్‌తో చూస్తే దాని బీజాలు సన్నని గింజల్లా కనిపిస్తాయి. చిన్నపోలయ్యకు గుంటలు రెండు, తూర్పుది, పడమటిది. తూర్పు గుంట రొయ్య ఎదగడం లేదని ఫిబ్రవరి ఆఖరులో తెచ్చినాడు. చూశాను, గింజలున్నాయి, "ఉంది" అని రాసి ఇచ్చాను. వారంలో వల వేసి, చిన్న రొయ్యనే అమ్ముకొని, గుంట ఎండగట్టి సున్నం చల్లుకున్నాడు. ఇప్పుడు పడమటి గుంటది తెచ్చినాడు. అందులోనూ అవే గింజలు. నిన్న తడ ఊరి రైతు తెచ్చిన రొయ్యలోనూ అవే. ఆ తడ రొయ్య మాత్రం నిక్షేపంగా ఎదుగుతున్నదట. అక్కడ నాకు అనుమానం పుట్టింది.

అమావాస్యకు రొయ్య పొట్టు విడిచి మెత్తబడుతుంది గనుక ఆ నాలుగు రోజులూ ఎవరూ వల వేయరు. ఈలోపు కొనేవాడు దొరకలేదట, అమావాస్య ఏప్రిల్ ఎనిమిదిన. అంటే మూడు వారాలు గడువు. ఆ ఆబ్జెక్టివ్ లెన్సు మురికిపడిందని నా అభిప్రాయం. దాన్ని శుభ్రం చేసే విధానాన్ని, ముప్పై ఒక్క సంవత్సరాలలో ఒక్క తప్పు రిపోర్టు కూడా ఇవ్వని ఆనందకుమారి గారు సెలవిచ్చి రక్షించగలరు. (ఆసుపత్రి ల్యాబులో మీ పదవీ విరమణ సభ నాడు ఈ మాట పదకొండు మంది అన్నారు. నేను వెనక వరుసలో కూర్చొని లెక్కపెట్టాను.)

డెబోరా మీకూ అన్నయ్యకూ వందనాలు చెప్పమంది.

మీ మరిది,
జయకుమార్


బుచ్చిరెడ్డిపాలెం,
మార్చి 20.

చిరంజీవి జయకుమార్‌కు,

దేవుని ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ దస్తూరి అర్థం కావడానికి, రెండోసారి సంగతి కోసం, మూడోసారి నువ్వు రాయకుండా వదిలిన సంగతి ఏదైనా ఉందేమోనని. అటువంటిది ఒకటి ఉందనే అనిపించింది. అదేమిటో నువ్వే రాస్తావని ఎదురుచూస్తాను.

ఆబ్జెక్టివ్ మురికి అన్నావు. అది ప్రస్తుతానికి అభిప్రాయమే. ఆబ్జెక్టివ్ ముఖం మీద మురికి ఉంటే గింజలుగా కనబడదు. కంటికి ఆనించి పెట్టుకున్న వేలు వేలుగా కనబడనట్టే, ఆ మురికి కూడా తన రూపం చూపదు. దృశ్యం మొత్తాన్ని మంచులా కమ్ముతుంది. గింజ గింజగా తేటగా కనబడేది మరోచోట ఉంటుంది. అది ఎక్కడో ముందు తేల్చు. కన్ను ఆనించే ఐపీసును వేళ్లతో మెల్లగా తిప్పు. గింజలు దానితో పాటు తిరిగితే ఐపీసులో ఉన్నాయి. తిరగకపోతే స్లైడును వెంట్రుకవాసి జరుపు. దానితో పాటు జరిగితే స్లైడు మీద గాని, నూనెలో గాని, రంగులో గాని ఉన్నాయి. ఆ తరువాత రొయ్య, రంగు రెండూ లేని ఒట్టి స్లైడును కడిగి ఆరబెట్టి, దాని మీద నూనె చుక్క మాత్రం పెట్టి చూడు. దానిలోనూ గింజలు ఉంటే తప్పు చిన్నపోలయ్యది కాదు, రొయ్యది అసలే కాదు.

శుభ్రం చేసే పద్ధతి కూడా చెప్తాను, ఎందుకంటే చెప్పకపోయినా నువ్వు చేస్తావు. మొదట రబ్బరు బుడ్డతో గాలి కొట్టి దుమ్ము పోగొట్టు. నోటితో ఊదవద్దు, నీ నోటి తుంపర లెన్సుకు అవసరం లేదు. తరువాత లెన్స్ పేపరును ఆనించి నూనెను పీల్చనివ్వు, రుద్దకు. ఆ మీదట ఇంకో కాగితాన్ని లెన్స్ ద్రవంతో తడిపి, నడిమి నుంచి అంచుకు చుట్టు తిప్పుతూ ఒక్కసారి తుడువు. తడపవలసింది కాగితాన్ని, లెన్సును కాదు. పని అయ్యాక ఐపీసును బయటికి తీసి తలకిందులుగా పట్టుకొని దానిలోనుంచి ఆబ్జెక్టివ్ ముఖం చూడు. అది మంచి భూతద్దంగా పనికివస్తుంది. గీత గాని, పొర గాని ఉంటే దాగదు.

ఇప్పటిదాకా దేనితో తుడిచావో కూడా రాయి. లుంగీ అంచు అని రాసినా నేను ఆశ్చర్యపోను, మీ అన్నయ్య కళ్లజోళ్లు రెండు అలాగే పాడయ్యాయి. నూనె పీల్చిన మొదటి కాగితాన్ని పారవేయకుండా మడిచి కవరులో నాకు పంపు. మీ అన్నయ్య ఈ వాక్యాన్ని నా భుజం మీదుగా చదివి, మరిది చేత మురికి కాగితాలు పోస్టు చేయించుకునే వదిన నెల్లూరు జిల్లాలో మరొకతె ఉండదని అన్నారు.

ఇంకొక్క మాట. గింజలు మొదలు కావడానికి ముందు నీ గదిలో ఏమి మారింది? గింజలన్నీ ఒకే పరిమాణమా? వాటికి రంగు పట్టిందా? నోటితో చెప్పినట్టు రాయవద్దు, బొమ్మ గీసి పంపు.

నీ వదిన,
ఆనందకుమారి


చిట్టమూరు,
మార్చి 25.

వదిన గారికి వందనములు.

ముందుగా అపవాదు తొలగించుకుంటాను. లుంగీ అంచు కాదు, టీషర్టు.

మీరు చెప్పిన వరుస తప్పకుండా చేశాను. ఐపీసు తిప్పాను, గింజలు కదలలేదు. స్లైడు జరిపాను, గింజలు జరిగాయి. ఒట్టి స్లైడు మీద నూనె చుక్క పెట్టి చూశాను. ఉన్నాయి వదినా. రొయ్య లేని చోట కూడా రొయ్య తెగులు కనిపించింది. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగిందో భయం వేసిందో ఇప్పటికీ చెప్పలేను. అదే సమయానికి చిన్నపోలయ్య పరీక్షకు గుంట నీళ్ల సీసాతో వచ్చి తలుపు దగ్గర నిలబడినాడు.

"ఏందయ్యా జయకుమారూ, ఒట్టి గాజుముక్కను అంతసేపు చూస్తా ఉండావు? దానిగ్గూడా తెగులొచ్చిందా?"

నవ్వేశాను. పడమటి గుంటకు అమావాస్య దాకా తొందరపడవద్దని మాత్రం చెప్పాను. "ఆ గుంటకు పరిగెత్తమంటివి, ఈ గుంటకు కూర్చోమంటావు. నీ యంత్రానికి గాలి మళ్లినట్టుండాదే" అని వెళ్లిపోయినాడు.

మీ ప్రశ్నలకు జవాబులు. గింజలు ఒకే పరిమాణం కాదు, కొన్ని చుక్కల్లా, కొన్ని పొట్టి సూదుల్లా ఉన్నాయి. రంగు పట్టలేదు, మెరుస్తున్నాయి. బొమ్మ జతపరిచాను, అందులో మూల ఉన్న పెద్ద మచ్చ తెగులు కాదు, టీ. గదిలో చెడు మార్పేదీ జరగలేదు, మంచి మార్పే జరిగింది: ఫిబ్రవరి ఇరవైన ఏసీ పెట్టించాను. ఇరవై డిగ్రీల దగ్గర ఉంచుతున్నాను, రసాయనాలు చెడకుండా. నూనె మార్చలేదు, ఇమ్మర్షన్ ఆయిల్ అని చీటీ అంటించిన ఆ పాత సీసాయే.

మీరు కోరిన కాగితం కూడా కవరులో ఉంది. పోస్టాఫీసులో జాగ్రత్తగా అంటించమంటే, లోపల ఏముందని అడిగారు. కుటుంబ వ్యవహారమని చెప్పాను.

మీ మరిది,
జయకుమార్


బుచ్చిరెడ్డిపాలెం,
మార్చి 30.

చిరంజీవి జయకుమార్‌కు,

ఆశీస్సులు.

నీ కవరు విప్పాను. మీ అన్నయ్య వంటగదిలోనుంచి "డెబోరా వచ్చిందా?" అని కేక వేశారు.

ఇమ్మర్షన్ ఆయిల్‌కు వాసన ఉంటుంది గాని, ఆ వాసనకు ఎవరూ నీ భార్య వచ్చిందనుకోరు. నీ కాగితం నుంచి వచ్చింది కొబ్బరినూనె వాసన. తలంటుకు ముందు రాసుకునే రకం. సీసా పాతదే అని రాశావు. అందులో అబద్ధం లేదు. సీసా గురించి ఎవరూ అడగలేదు, అంతే.

గింజల సంగతి కూడా ఇప్పుడు తేలిపోయింది. కొబ్బరినూనె ఇరవై నాలుగు డిగ్రీల కిందికి వస్తే పేరుకోవడం మొదలుపెడుతుంది. చలికాలంలో డెబోరా సీసాను ఎండలో పెట్టడం నువ్వు చూసే ఉంటావు. అదే నూనెను నువ్వు ఇరవై డిగ్రీల గదిలో స్లైడు మీద పెట్టి, పేరుకున్న ముక్కలను వందరెట్ల లెన్సుతో పెద్దవి చేసుకొని, వాటిని చూసి గుంట ఖాళీ చేయించావు. నమ్మకం కుదరకపోతే సీసాను అరగంట ఎండలో ఉంచి చూడు. మాయమైతే అది తెగులు కాదు. ఎండకు పోయే ఈహెచ్‌పీ ఉంటే మీ రైతులు ఇంత కష్టపడేవారు కారు.

అసలు ఇమ్మర్షన్ ఆయిల్ ఉద్దేశమే వేరు. స్లైడు గాజుకూ లెన్సు గాజుకూ నడుమ గాలి ఉంటే వెలుతురు వంగిపోతుంది. గాజులో ఎంత వంగుతుందో అంతే వంగే నూనెను నడుమ పెడితే, వెలుతురుకు రెండు గాజులూ ఒకటిగా తోస్తాయి. కొబ్బరినూనెకు ఆ గుణం పూర్తిగా లేదు. ఎండాకాలంలో సైతం అది సగం నిజమే చూపిస్తుంది.

ఏసీ ఆపి, గది వేడెక్కనిచ్చి, నూనె కరిగాక లెన్సును మళ్లీ శుభ్రం చెయ్యి. ఈస్టరు మరునాడు మీ అన్నయ్య అసలైన నూనె సీసా పట్టుకొని నీ దగ్గరికి వస్తారు. ఆసుపత్రిలో నా శిష్యురాలు సుప్రియ దగ్గర అడిగి తెచ్చాను. ఎందుకని అడిగింది. కుటుంబ వ్యవహారమని చెప్పాను. పడమటి గుంట రొయ్యను నెల్లూరుకు పీసీఆర్ పరీక్షకు కూడా పంపు. అది నీ లెన్సు మీద గాని, నా ముక్కు మీద గాని ఆధారపడదు.

ఇక అడగవలసిన అసలు సంగతి. తూర్పు గుంట స్లైడు దాచావా? చిన్నపోలయ్యకు చెప్పావా?

నీ వదిన,
ఆనందకుమారి


చిట్టమూరు,
ఏప్రిల్ 2.

వదిన గారికి,

వందనములు. సిగ్గుతో రాస్తున్నాను గనుక దస్తూరి ఈసారి బాగుంటుంది.

జనవరిలో నూనె అయిపోయింది. నెల్లూరు దుకాణంవాళ్లు పదిహేను రోజులన్నారు. ఆరోజు ఏడుగురు రైతులు బయట కూర్చొని ఉన్నారు. డెబోరా సీసా కిటికీలో ఉంది. నూనె నూనే గదా అనుకున్నాను. పగటిపూట గది వెచ్చగా ఉండేది కాబోలు, జనవరిలో బాగానే కనిపించింది. ఇక అదే అలవాటైంది, పాత సీసాలోనే పోసుకుంటూ వచ్చాను. డెబోరా తన నూనె తొందరగా అయిపోతున్నదని మా పక్కింటామెను అనుమానించింది. ఇప్పుడు ఆ పక్కింటామెకు కూడా క్షమాపణ చెప్పుకోవాలి. ఆ జాబితాలో నాకు అన్నిటికన్నా తేలిక పేరు ఆమెదే.

అన్నయ్య తెచ్చిన నూనెతో ఒట్టి స్లైడు చూశాను. ఏమీ లేదు, ఖాళీగా, తెల్లగా ఉంది. ఖాళీని చూసి ఇంత ఆనందం కలుగుతుందని అనుకోలేదు. తరువాత పడమటి గుంట స్లైడులు నాలుగు చూశాను. ఒక్క బీజం కూడా కనబడలేదు. వల ఆపమని చిన్నపోలయ్యకు చెప్పాను, పీసీఆర్‌కు పంపాను. ఐపీసు తలకిందులుగా పెట్టి చూస్తే లెన్సు మీద సన్నని గీత ఒకటి ఉంది. టీషర్టుదే. అన్నయ్య చూసి, "దీంతో పని జరుగుతుంది, ఆమెకు చెప్పకు" అన్నారు. చెప్తున్నాను.

తూర్పు గుంట స్లైడు లేదు. అప్పుడే కడిగేశాను. రిజిస్టరులో బొమ్మ కూడా లేదు, టిక్కు ఒకటే ఉంది. అప్పుడు చూసిన గింజలన్నీ సూదుల్లాంటివేనా, వాటి మధ్య రంగు పట్టిన నిజమైన బీజాలు కూడా ఉన్నాయా అని కళ్లు మూసుకొని ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఫిబ్రవరిలోనే పీసీఆర్‌కు పంపుదామా అని చిన్నపోలయ్య అడిగినాడు కూడా. నా మైక్రోస్కోపు ఉండగా అదెందుకని నేనే అన్నాను.

అతనికి ఇంకా చెప్పలేదు. చెప్పాలా వదినా? పడమటి గుంట బాగుందంటే అతనికి సంతోషం. తూర్పుది ఎలాగూ అయిపోయింది, నేను చెప్పినంత మాత్రాన రొయ్య తిరిగి రాదు. ఈ సంగతి గట్ల మీద పాకితే నా ల్యాబు గడప ఎవరు తొక్కుతారు? ముప్పై ఒక్క ఏళ్లు ఒక్క తప్పూ చేయని మీకు ఈ భయం ఎలా ఉంటుందో తెలియకపోవచ్చు.

మీ మరిది,
జయకుమార్


బుచ్చిరెడ్డిపాలెం,
ఏప్రిల్ 5.

జయకుమార్‌కు,

ఆ మాట సభలో పదకొండు మంది అన్నారని లెక్కపెట్టావు. బాగుంది. చివరగా మాట్లాడింది నేను. నేను ఆ మాట అన్నానేమో గుర్తు తెచ్చుకో.

పని మొదలుపెట్టిన నాలుగో ఏట, వెంకటశేషమ్మ అని, బియ్యం మిల్లులో చెరిగే ఆమె దగ్గుతో వచ్చింది. ఆమె కళ్లె స్లైడులో ఎర్రని పుల్లల్లాంటివి చూసి క్షయ అని రాశాను. మందులు మొదలుపెట్టారు. రెండు నెలల తరువాత, వేరే స్లైడులలోనూ అవే పుల్లలు కనబడుతుంటే, రంగు సీసాను వడగట్టి చూశాను. వడకాగితం మీద ఎర్రని పొడి మిగిలింది. రంగు పాతబడి అడుగున పేరుకుంది. పెద్ద ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేయిస్తే ఆమెకు క్షయ లేదని తేలింది. ఆ రెండు నెలలూ ఆమెకు మిల్లులో పని లేదు. ఇంట్లో కంచం వేరుగా పెట్టారు.

నేను వెళ్లి చెప్పాను. ఆమె నన్ను దయతో క్షమించిందని రాస్తే నీకు ధైర్యం వస్తుంది, కాని ఆమె తిట్టింది. వాకిట్లో నిలబెట్టి, వీధి మొత్తం వినేటట్టు తిట్టింది. నిలబడి విన్నాను, ఎందుకంటే ఆ తిట్లు సరైన చిరునామాకే వచ్చాయి. మరుసటి ఏడు తన కోడలి రక్తపరీక్షకు మాత్రం నా దగ్గరికే వచ్చింది. చీటీ ఇస్తూ, "రెండుసార్లు చూడు తల్లీ, నీకేం పోయె" అంది. నేను రెండుసార్లు చూడడం మొదలుపెట్టింది అప్పటి నుంచే. పదకొండు మంది మెచ్చుకున్నది ఆమె పెట్టిన అలవాటును.

కాబట్టి చెప్పు. రేపో ఎల్లుండో కాదు, ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లి చెప్పు. ఒక్క జాగ్రత్త. నీకు జాలి పుట్టో, లేక ఒకేసారి తేల్చుకుందామనో "తూర్పు గుంటలో తెగులు లేదు" అని చెప్పేవు. అది కూడా తప్పు రిపోర్టే అవుతుంది. నీకు తెలిసినంతవరకే చెప్పు, అక్కడితో ఆగు. అక్కడ ఆగడం కష్టంగా ఉంటుంది.

లెన్సు మీద గీత సంగతి మీ అన్నయ్య ఇంటికి రాగానే చెప్పేశారు. ఆయనకు రహస్యాలు దాచడం రాదు. ఆ గీతతో పని జరుగుతుంది.

వదిన


చిట్టమూరు,
జూన్ 14.

అన్నిటినీ రెండుసార్లు చూసే ఆనందకుమారి వదిన గారికి,

వందనములు. రెండు నెలలు ఆలస్యంగా రాస్తున్నాను. చెప్పిన రోజే రాసి ఉంటే అందులో నా గురించే ఎక్కువగా ఉండేది.

మీ ఉత్తరం అమావాస్య నాడు అందింది. పడమటి గుంటలో ఈహెచ్‌పీ కనబడలేదని పీసీఆర్ కాగితం కూడా ఆనాడే వచ్చింది. రెండూ జేబులో పెట్టుకొని వెళ్లాను. చిన్నపోలయ్య గట్టు మీద మేత బస్తా విప్పుతున్నాడు. పీసీఆర్ కాగితం ముందు ఇద్దామని చెయ్యి జేబులోకి పోయింది. తీయలేదు. ముందు కొబ్బరినూనె సంగతి చెప్పాను. మొత్తం విన్నాడు.

"అంటే తూరుపు గుంటలో తెగులు లేదా?"

"లేదని చెప్పలేనన్నా. ఉందో లేదో నాకు తెలియదు. ఉందని రాసే హక్కు మాత్రం ఆ రోజు నాకు లేకపోయింది."

"ఆ పొద్దు మాత్రం బాగా గట్టిగా రాసిస్తివే. తెలియదనే మాట అప్పుడు రాలేదా నీకు?"

రాలేదన్నాను. పీసీఆర్ కాగితం ఇస్తే తీసుకొని, చదవకుండా బస్తా కింద పెట్టినాడు. మీరు చెప్పినట్టు నిలబడ్డాను. అతను తిట్టలేదు. తిట్టి ఉంటే నయమనిపించింది. మేత చల్లుకుంటూ గట్టు వెంట దూరంగా వెళ్లిపోయినాడు.

పదహారు రోజులు రాలేదు. ఇంకో ఇద్దరు రైతులు కూడా వేరే ల్యాబుకు మారారు. ఇంతవరకూ తిరిగి రాలేదు. పదిహేడో రోజు చిన్నపోలయ్య రొయ్యల డబ్బాతో వచ్చి, నూనె సీసా మూత తీసి వాసన చూసినాడు.

"ఇది తలకు రాసుకునేది కాదు గదా?"

"కాదన్నా."

"అయ్యో. అయితే రొంత అడుగుదామనుకుంటినే."

ఇప్పుడు వచ్చినప్పుడల్లా ముందు సీసా వాసన చూస్తాడు, తరువాతే డబ్బా బల్ల మీద పెడతాడు. అతన్ని చూసి మిగతావాళ్లు కూడా మొదలుపెట్టారు. నన్ను గట్ల మీద "కొబ్బరినూనె డాక్టరు" అంటున్నారని డెబోరా చెప్పింది. ఆమె తన సీసాను బీరువాలో పెట్టి తాళం వేసింది. ఏసీ ఇరవై ఆరు మీద ఉంది. ప్రతి ఉదయం మొదట ఒట్టి స్లైడు చూసి, ఆ తరువాతే రొయ్యను చూస్తున్నాను. ప్రతి స్లైడుకూ బొమ్మ గీస్తున్నాను. టీ మచ్చలు తగ్గాయి.

పడమటి గుంట మొన్న పట్టారు. కిలోకు నలభై రొయ్యలు తూగాయి, చిన్నపోలయ్య నాలుగేళ్లలో అంత పెద్దవి తీయలేదట. ఒక బుట్ట మాకు పంపినాడు. తూర్పు గుంట సంగతి నేను ఎత్తలేదు, అతను గుర్తు చేయలేదు.

రిజిస్టరులో తూర్పు గుంట వరుసలో ఉన్న టిక్కును ఒక్క గీతతో కొట్టివేశాను, కింద చదవడానికి వీలుగానే ఉంచాను. పక్కన "తెలియదు" అని రాసి, తేదీ వేసి, సంతకం చేశాను. ఫిబ్రవరిలో ఆ గుంటలో ఈహెచ్‌పీ ఉన్నదో లేదో తెలియదు. ఉండి ఉంటే ఖాళీ చేయడమే మంచిదయింది, లేకుంటే ఒక పంట నా చేతుల మీదుగా పోయింది. స్లైడు కడిగేశాను, గుంట నీళ్లు కాలువలోకి పోయాయి, మట్టి మీద సున్నం పడింది. రెండిటిలో ఏది నిజమో ఇప్పటికీ తెలియదు.

మీ మరిది,
జయకుమార్